వడ్డించినవారికే బరువు

వెదుళ్లపాలెం మున్సిపాలిటీలో తిన్నదాని బరువు తిన్నవారికి ఎక్కదు, వడ్డించినవారికి ఎక్కుతుంది. కౌన్సిల్ అలా తీర్మానించాక, నీటి పన్నుకు అలవాటు పడ్డట్టే జనం దానికీ అలవాటు పడ్డారు.

ఇబ్బందల్లా పేరిందేవికి. ఆకుకు చేతులు అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసే రకం ఆవిడ. ఊళ్లో బొజ్జలన్నీ ఇప్పుడు ఆవిడవే. గుమ్మంలోంచి పక్కకు తిరిగి నడుస్తోంది. బరువు ఇంకా పెరిగితే గరిటె స్వాధీనం చేసుకుంటామని మున్సిపాలిటీ వాళ్లు చెప్పి వెళ్లారు. వచ్చే నెల కూతురి సీమంతం. ఆ పంక్తిలో వడ్డించలేకపోతే ఇక తను ఉండి ఏం లాభమని ఏడ్చింది.

ముందు వడ్డన తగ్గించి చూసింది. వచ్చినవాళ్లకు కూరలు మానేసి గుప్పెడు జీడిపప్పు, రెండు సున్నుండలు పెట్టింది. వాళ్లు ఆకలి తీరక మళ్లీ సున్నుండలే అడిగారు. ఆవిడ మరింత బరువెక్కింది.

గరిటె పట్టుకుపోవడానికి వచ్చిన బరువుల ఇన్‌స్పెక్టరు హిమజతో, తక్కువే వేశానని మొత్తుకుంది.

"కడుపుకి అదేం తెలుస్తుంది పిన్నిగారూ? నిండిందా లేదా, అంతే. ఈ గుప్పెడు జీడిపప్పూ, గిన్నెడు ఆనపకాయ పులుసూ మీకెక్కించేది ఒకటే. ఆకలి తీర్చేది మాత్రం ఆ గిన్నే."

ఒక నెల గడువిచ్చి వెళ్లింది.

నెలంతా పేరిందేవి బీరకాయ, తోటకూర, ఆనపకాయ గిన్నెలకు గిన్నెలు వడ్డించింది. ఒట్లు పెట్టింది, అలిగింది. ఎవరూ ఆకలితో లేవలేదు. సీమంతం నాడు గరిటె పట్టుకుని గుమ్మంలోంచి తిన్నగా నడిచి వచ్చింది.

పొరుగూరి వియ్యంకుడు భాస్కరం బొజ్జ సర్దుకుని కూర్చున్నాడు. "బొబ్బట్లు ఓ నాలుగెయ్యండి చెల్లెమ్మగారూ. ఇక్కడైతే నాకెక్కదు కదా."

"మీ ఊళ్లో ఎవరికెక్కుతుంది అన్నయ్యగారూ?"

"తిన్నవాడికేనండి."

"మరి వేసినవాళ్లకో?"

"పుణ్యమండి."

పేరిందేవి కూతురు కాపురం చేస్తున్నది ఆ ఊళ్లోనే. బొబ్బట్ల పళ్లెం పక్కన పెట్టి, ముందు ఇది కానివ్వండంటూ ఆయన ఆకు నిండా బీరకాయ కూర వేసింది. అది తిన్నాక ఆయనకు ఒక్క బొబ్బట్టుకే చోటు మిగిలింది.

సాయంత్రం వియ్యంకుడి కారులో పెట్టించిన లడ్డూల బుట్ట దింపించి, ఆనపకాయలు పెట్టించింది. అంత పుణ్యం ఆవిడకు అక్కర్లేకపోయింది.