డాబా మీద బకెట్టు

తైనాన్ నగరంలోని ఒక గాలి పరిశోధన సంస్థలో త్సెంగ్ బోయెన్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. డైరెక్టర్ యెన్ గారి ముక్కుకు ఒక్కసారి, ఒకే ఒక్క కంపు గుప్పు తగలాలి. అంతే.

మూడేళ్ళుగా త్సెంగ్ చేస్తున్నది ఆ గుప్పుల లెక్కే. గాలి సుడులు తిరుగుతూ పొగను చీల్చి ముక్కలుగా మోసుకుపోతుంది. అందుకే ఒక క్షణం ఏమీ ఉండదు, మరుక్షణం ఊపిరాడదు. యెన్ గారు వింటేగా! "గాలిలో కాలుష్యం గంట సగటున హద్దులోనే ఉంది కదయ్యా! నీ గుప్పులు ఎవడిక్కావాలి?" మధ్యాహ్నం సమావేశంలో ఆ పరిశోధనకు మంగళం పాడతారని అందరికీ తెలుసు.

అందుకే త్సెంగ్ గేటు బయట బండి మీద కంపు టోఫూ, అంటే పులియబెట్టిన సోయా పనీరు, అమ్మే గావ్ పిన్నిని బతిమాలి, టోఫూ పులియబెట్టే నీళ్ళు ఒక బకెట్టెడు సంపాదించాడు.

"ఎందుకురా అబ్బాయ్, మొక్కలకా?"

"సైన్సుకి పిన్నీ."

"అయితే మూత గట్టిగా పెట్టుకో."

డాబా ఎక్కి, మూత కొంచెం తెరిచి, బ్యాటరీ ఫ్యాను పెట్టాడు. కిందికి పరుగెత్తి సమావేశపు గది కిటికీ దగ్గర గట్టిగా పీల్చాడు. ఏమీ లేదు. పైకెక్కి మూత మొత్తం తీసేశాడు. దిగి పీల్చాడు. ఊహూఁ. ఫ్యాను వేగం పెంచి మళ్ళీ దిగాడు. గుప్పుల మీద మూడేళ్ళు తలబద్దలు కొట్టుకున్న మనిషి ఒక్క పీల్పును నమ్ముకోవడం విచిత్రమే. మన దాకా వచ్చేసరికి అందరం అంతే.

ఈలోగా రెండో అంతస్తులో ఒక గుమాస్తా "గ్యాసు లీకైంది!" అని కేక పెట్టింది.

"నాకేం రావట్లేదే, కలగన్నావా?" అన్నాడు పక్క బల్లాయన. అరనిమిషంలో అతనే ముక్కు మూసుకున్నాడు. అప్పటికి ఆమెకు వాసన పోయింది. నువ్వు అబద్ధమంటే నువ్వు అబద్ధమని తిట్టుకుంటూ ఇద్దరూ మెట్లు దిగారు. వెనకే ఆఫీసంతా దిగింది. గ్యాసు భయంతో కాపలావాడు తలుపులకు తాళం వేశాడు. త్సెంగ్ బయట ఉండిపోయాడు, ఫ్యాను పైన తిరుగుతూనే ఉంది.

కాలుష్య నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టరు వెయ్ అనే అమ్మాయి మీటరుతో వచ్చింది. "ఇంకెవరు, ఈ పిన్ని బండే!" అని కాపలావాడు వేలు చూపించాడు. వెయ్ గంటసేపు కొలిచింది.

"సగటు హద్దుకి చాలా కింద ఉంది. పిన్నిగారి తప్పేం లేదు."

త్సెంగ్ ప్రాణం లేచివచ్చింది. జన్మలో మొదటిసారి సగటుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"విన్నావా?" అంటూ యెన్ గారు అతని వైపు తిరిగి నవ్వారు. "కంపూ లేదు, గింపూ లేదు. అంతా మీ భ్ర..."

గుప్పు సరిగ్గా ఆ తెరిచిన నోట్లోకే వచ్చింది.

"సగటు తగలెయ్య!" ఆయన దగ్గుతూ అరిచారు. "ఆ బండి ఇప్పుడే ఎత్తించండి!"

ఈ మాట కోసమే త్సెంగ్ మూడేళ్ళు ఎదురుచూశాడు. సంతోషంతో తల తిప్పేసరికి గావ్ పిన్ని కనిపించింది. "ఇదే నా బతుకు సారూ" అంటూ బండిని రెండు చేతులతో పట్టుకుంది. అతనికి సిగ్గేసింది. నోరు మూసుకుంటే పరిశోధన దక్కుతుంది, బండి పోతుంది.

"బండి కాదు సార్. డాబా మీద బకెట్టుంది. నాదే."

"రాసుకోమ్మా, వీడి మీద కేసు!"

"ఎలా రాయను సార్?" అంది వెయ్. "సగటు హద్దులోనే ఉందిగా."

సగటుకు అందని ఆ గుప్పు యెన్ గారి ముక్కులో ఇంకా ఉంది. ఆయన చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే, పరిశోధన కొనసాగించమని సంతకం పెట్టారు. బకెట్టు మాత్రం త్సెంగ్ చేతే దింపించారు.

ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ పూట అక్కడ వాసనేమీ రాలేదు.