కూర్చునే హక్కు: అమలు విధానం

మానవజాతి ప్రగతిని ఇకమీదట కుర్చీలతో కొలవాలని ప్రపంచ శ్రమ గౌరవ మహాసభ తీర్మానించింది. తొమ్మిది రోజుల చర్చ అనంతరం వెలువడిన ఈ తీర్మానం ప్రకారం, భూమి మీద ఏ దుకాణంలోనైనా సరే, రోజంతా నిలబడి అమ్మే ప్రతి ఉద్యోగికీ ఒక కుర్చీ ఉండాలి. (చర్చ ఆసాంతం సభ్యులు కూర్చునే ఉన్నారు కనుక విషయ పరిజ్ఞానంలో లోటు లేదు.)

మా వీధి చివర ఉన్న నాలుగంతస్తుల బట్టల దుకాణం ఈ తీర్మానాన్ని శిరసావహించింది. నలభై రెండు కుర్చీలు తెప్పించి, ప్లాస్టిక్ తొడుగులు విప్పకుండా గోడల వెంట వేయించింది. వెంటనే నియమావళి వెలువడింది. మూడో నియమం: కొనేవారు లేనప్పుడు ఉద్యోగి కూర్చోవచ్చు. నాలుగో నియమం: కొనేవారు లేనప్పుడు ఉద్యోగి బట్టలు మడతపెట్టాలి. ఐదో నియమం: మడత నిలబడే పెట్టాలి. (తర్కశాస్త్రంలో దీన్ని వైరుధ్యం అంటారు, యాజమాన్య శాస్త్రంలో క్రమశిక్షణ అంటారు.) మడతపెట్టడానికి ఏమీ మిగలనప్పుడు, పెట్టిన మడతలే విప్పి మళ్లీ పెట్టడం అక్కడి ఆనవాయితీ. అమ్ముడుపోకుండానే అరిగిపోయిన దుప్పట్లు ఆ దుకాణంలో ఉన్నాయి.

రెండో అంతస్తులో ఆ దుప్పట్లు అమ్మే ఆమెను అందరూ దుప్పట్ల అక్క అంటారు. పద్నాలుగేళ్లుగా రోజుకు పదకొండు గంటలు నిలబడడంతో ఆమె కాళ్ల నరాలు తాళ్లలా ఉబ్బాయి. గంటకు పది నిమిషాలు కూర్చోకపోతే పుండ్లు పడతాయని డాక్టరు రాసిచ్చింది. ఇంట్లో తినే నోళ్లు నాలుగు. సంపాదించేది ఈమె ఒక్కతే. ఆ చీటీ పట్టుకుని ఆమె ఫ్లోర్ మేనేజరు దగ్గరకు వెళ్లింది.

"కూర్చోమ్మా, ఎవరొద్దన్నారు? నీ హక్కు కదా," అన్నాడాయన. "ఒక ఫారం రాసిచ్చి కూర్చో."

"ఏం రాయమంటారు సార్?"

"నిలబడలేకపోతున్నానని రాయి. ఉన్నమాటేగా."

పక్కన తువ్వాళ్లు అమ్మే ఆమె అక్క చెవిలో గొణిగింది. "రాయకక్కా. హక్కుందంటే వాడుకోమని కాదు. అలిగే హక్కు నాకూ ఉంది మా ఇంట్లో. ఏ పూటైనా వంట ఆగిందా?"

"కాళ్లు నావి కదే," అని దుప్పట్ల అక్క ఫారం రాసిచ్చింది.

ఆ వారమే తనిఖీ అధికారి వచ్చాడు. కుర్చీలు లెక్కపెట్టాడు, ఒకదాంట్లో కూర్చుని చూశాడు, బాగానే ఉందన్నాడు. లేవకుండానే దుప్పట్ల అక్కను అడిగాడు.

"ఏమ్మా, నువ్వు కూర్చోలేదే?"

"ఫారం ఇచ్చానండీ. ఇంకా ఏ సంగతీ చెప్పలేదు."

"అంటే ఫారం కూడా ఉందన్నమాట," అని అధికారి సంతోషించాడు. కూర్చునే స్వేచ్ఛ ఉండి కూడా ఇక్కడి ఉద్యోగులు స్వచ్ఛందంగా నిలబడుతున్నారని నివేదికలో రాసుకుని, దుకాణానికి మొదటి శ్రేణి ధ్రువపత్రం ఇచ్చి వెళ్లాడు.

ఫారం దుకాణంలోని శ్రామిక సంక్షేమ సంఘం ముందుకు వచ్చింది. ఇందులో యజమాని, ఫ్లోర్ మేనేజరు, కార్మికుల ప్రతినిధి సభ్యులు. (ప్రతినిధి యజమాని గారి బావమరిది. ఆయన కూడా అక్కడే జీతం తీసుకుంటాడు కనుక కార్మికుడే.) సంఘం సుదీర్ఘంగా ఆలోచించింది. ఉద్యోగమేమో నిలబడి చేయవలసినది. నిలబడలేనని ఉద్యోగి స్వహస్తాలతో రాసిచ్చింది. అటువంటి మనిషిని ఇంకా నిలబెట్టడం శ్రమ గౌరవ తీర్మానానికి విరుద్ధం, పైగా అమానుషం. కాబట్టి మానవతా దృక్పథంతో ఆమెను విధుల నుంచి తప్పించాలని ఏకగ్రీవంగా నిర్ణయించింది.

"నిలబడలేనని కాదు సార్. పది నిమిషాలు కూర్చుంటానన్నాను, అంతే," అంది దుప్పట్ల అక్క.

"కాగితం మీద అలా లేదమ్మా," అన్నాడు మేనేజరు, రాజీనామా పత్రం ముందుకు జరుపుతూ.

ఆమె నిలబడే కలం అందుకోబోయింది. ఆయన వారించి, స్వయంగా ఒక కుర్చీ లాగి, తొడుగు విప్పి, కూర్చోమన్నాడు. నిలబడి చేసిన సంతకం బలవంతాన చేయించినట్టు కనిపిస్తుందని దుకాణం వకీలు చెప్పాడట.