బానెట్ మీద అరవైఒకటి

ఆ మంగళవారం ఉదయం వితూన్ గారు వేసుకున్న పథకం ఇంతే. ఏడింటికి లమ్‌దువాన్ బండి దగ్గర కొబ్బరిపాల పొంగణాలు తినాలి. తొమ్మిదింటికి కొత్త కారుని రచ్చనీ దుకాణంలో అప్పగించాలి. ఫిల్మ్ ఎంతమేర వెయ్యాలో చెప్పి రావాలి. మొదటి రెండింటికీ ఇబ్బంది లేదు. మూడోదే వారం రోజులుగా ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు.

కారు రంగుకి గీతలు పడకుండా అతికించే ఆ పల్చటి పొరని రచ్చనీ మూడు రకాలుగా వేస్తుంది. ఒట్టి బానెట్‌కి, ముందు సగానికి, లేదంటే మొత్తం కారుకి. వితూన్ గారు మా ఊరు రాచ్చబురిలోని భూముల ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఊరందరి సరిహద్దులూ తేల్చిన మనిషి, తన కారుకి సరిహద్దు ఎక్కడో తేల్చుకోలేకపోయారు. భార్య మాలీ ఉన్నన్నాళ్ళూ ఏ రోజు ఏ చొక్కా వేసుకోవాలో కూడా ఆవిడే చెప్పేది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి ఆయన ఒకే రంగు చొక్కాలు ఆరు కొనుక్కుని అవే తిప్పి తిప్పి వేసుకుంటున్నారు.

నిజానికి ఆయన్ని పీడిస్తున్నది ఫిల్మ్ కూడా కాదు. కొత్త కారన్నాక గుడికి తీసుకెళ్ళి, లోపల కప్పుకి భిక్షువుగారి చేత సుద్దబొట్లు పెట్టించాలి. ఒక్కరే వెళ్తే తప్పేమీ లేదు. కానీ పక్క సీటు ఖాళీగా కనిపిస్తే ఆ పెద్దాయన, "ఇంకెవరూ రాలేదా నాయనా?" అని అడక్కుండా ఊరుకోరు. ఆ ప్రశ్న వినే ఓపిక వితూన్ గారికి లేదు. లమ్‌దువాన్‌ని రమ్మని అడగాలి. పదిహేను రోజులుగా అడుగుదామనుకుంటూనే ఉన్నారు, అడగలేక రోజుకో పొట్లం పొంగణాలు కొంటూనే ఉన్నారు.

"లమ్‌దువాన్, ఒక్క మాట అడగాలి," అన్నారు ఆ ఉదయం.

"పదా, ఇరవయ్యా?"

"పొంగణాలు కాదు. కారు..."

"ఊఁ. కారుకేమైంది?"

గొంతుదాకా వచ్చిన మాట అక్కడే చతికిలబడింది. "కారుకి ఫిల్మ్ ఎంతమేర వేయించమంటావు?"

లమ్‌దువాన్‌కి యాభై అయిదేళ్ళు. మొగుడు ఎప్పుడో ఉత్తరాదికి వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. పొంగణాలు తీసే సన్నటి ఇనుప చెంచా ఆవిడ చేతిలోంచి దిగదు. ఏం చూపించాలన్నా, ఎవర్ని బెదిరించాలన్నా దానితోనే. ఇప్పుడూ దాన్ని గాల్లో తిప్పుతూ, "మనుషులు తగిలే చోటల్లా వేయించండి గుమాస్తాగారూ. తగలని చోట దండగ కదా," అంది.

మంచి సలహాయే. ఇంటికొచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాక గానీ అందులోని చిక్కు ఆయనకి తెలియలేదు. షోరూము వాళ్ళు తప్ప ఆ కారుని ఇంతవరకు తాకిన నరమానవుడు లేడు. ఆ లెక్కన ఎక్కడా వేయించక్కర్లేదు. ఆ మాట ఇంకొకరితో పైకి అనడం ఆయనకి నామోషీ అనిపించింది.

"మొత్తం వేసెయ్యమ్మా," అన్నారు రచ్చనీతో.

"మొత్తమే? ఇంటినిండా జనమా బాబాయ్?"

"ఆఁ... వస్తూ పోతూ ఉంటారు."

గురువారం సాయంత్రం కారు తిరిగిచ్చేటప్పుడు రచ్చనీ వేలు చూపించి మరీ చెప్పింది. "లోపల నీటి బుడగలు కనిపిస్తాయి. కంగారుపడొద్దు. గిల్లొద్దు, నొక్కొద్దు. వారంలో వాటంతటవే ఎండిపోతాయి."

శుక్రవారం తెల్లారేసరికి బానెట్ మీద బుడగలు తేలాయి. వితూన్ గారి పార్కింగు ఇరుకు. కారు వెనకభాగం గోడకీ ముక్కు గేటుకీ ఆనినట్టే ఉంటుంది, పక్కలకి మనిషి ఒత్తిగిలితే గానీ పట్టదు. ఆయన అట్టముక్క మీద గుండ్రటి ఆఫీసు దస్తూరీలో 'దయచేసి తాకకండి, ఏడు రోజులు' అని రాసి గేటుకి కట్టారు. కారుని కాచే అమ్మవారికి మొదటిరోజు వేసిన బంతిపూల దండ అద్దానికి వేలాడుతూనే ఉంది. తర్వాత ఆయన బానెట్ మీదకి వంగి బుడగలు ఎన్నో లెక్కపెట్టసాగారు. లెక్కపెట్టేటప్పుడు పెదాలు కదపడం ఆయనకి చిన్నప్పటి అలవాటు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి బున్‌చూ మోటారు సైకిలు తీస్తూ ఇటు చూశాడు. కిరాయికి బండి తోలే బున్‌చూ కంట్లో ఏది పడినా అది సాయంత్రానికి రాచ్చబురి అంతా తిరుగుతుంది. అతనికి కనిపించింది ఇదీ: పూలదండ, తాకొద్దని బోర్డు, ఏడు రోజుల గడువు, తలవంచి పెదాలు కదుపుతున్న పెద్దమనిషి. మూడేళ్ళలో మొదటిసారిగా అతను గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏంటి బాబాయ్ అది?"

పలకరించిన మనిషిని వదులుకోవడం ఇష్టంలేక వితూన్ గారు ఉన్నదున్నట్టు చెప్పారు. "రాత్రికి రాత్రి తేలాయయ్యా. గంటగంటకీ ఆకారం మారుతున్నాయి. ముట్టుకోకూడదుట. ఏడు రోజుల్లో అంతా తేలిపోతుందన్నారు."

"ఎవరన్నారు?"

"తెలిసినావిడే. అందులో చెయ్యి తిరిగినావిడ."

బున్‌చూ రెండు చేతులూ జోడించాడు. లాటరీ ఫలితాలకి ఇంకా మూడు రోజులే ఉన్నాయి మరి. మా ఊళ్ళో అరటిచెట్టు అడ్డంగా గెలేసినా, తాబేలు దారితప్పి వంటింట్లోకొచ్చినా, దాని మీద మొహం పౌడరు రుద్ది అంకెలు వెతకనిదే పూట గడవదు. అలాంటిది కొత్త కారు తనంతట తనే పైకి ఉబికి చెబుతుంటే ఊరుకుంటారా? కొత్త కారుకి తాత్కాలికంగా ఇచ్చిన ఎర్ర ప్లేటు మీది నంబరు పనికిరాదని, అది రవాణా వాళ్ళది తప్ప అమ్మవారిది కాదని బున్‌చూ అక్కడికక్కడే తేల్చేశాడు.

పదింటికి ఆరుగురొచ్చారు, పన్నెండింటికి ఇరవైమంది. వితూన్ గారు గేటుకి అడ్డంగా చేతులు చాచి, "ఫిల్మ్ అమ్మా, అది ఉత్త ఫిల్మ్," అని మొత్తుకున్నారు. "చూశారా, తనకి తెలిసీ దాస్తున్నాడు," అన్నారు వాళ్ళు. ఒకామె సంచిలోంచి పౌడరు డబ్బా తీసింది. అరచేతుల కింద తెల్లటి పొడి పరుచుకుని, బుడగల అంచుల్లో నిలిచి, బానెట్ మీద పెద్ద ఆరూ, పక్కన నిటారుగా ఒకటీ తేలాయి. అరవైఒకటి. అందరూ గేటు వైపే నిలబడి చూశారు కాబట్టి ఎవరికీ ఇంకో అనుమానం రాలేదు.

గిల్లొద్దు, నొక్కొద్దు అన్న మాట చెవిలో మోగుతుండగా వితూన్ గారు రచ్చనీకి ఫోను చేశారు. ఆవిడ శనివారం పొద్దున్నే బుడగలు నొక్కి తీసే రబ్బరు పట్టీ పట్టుకుని దిగింది. సందు మొదట్లోనే ఆమెని ఆపేశారు.

"ఎవరమ్మా నువ్వు? నంబరు చెరిపేస్తావా?"

"అది నంబరు కాదండీ, నేను వేసిన ఫిల్మ్."

"ఆహా, చెయ్యి తిరిగినావిడ ఈవిడే," అన్నాడు బున్‌చూ.

అంతే, గేటు దగ్గర ఆమెకి కుర్చీ వేశారు, చల్లటి లాంగన్ పళ్ళ రసం తెచ్చిచ్చారు. మొదట తిట్టుకుంది. తర్వాత తల పక్కకి వాల్చి బానెట్ కేసి చూసింది. ఆ తర్వాత అటూ ఇటూ చూసి, అరవైఒకటితో ముగిసే టిక్కెట్టు ఎక్కడ దొరుకుతుందని బున్‌చూని మెల్లిగా అడిగింది.

మధ్యాహ్నానికి లమ్‌దువాన్ పొంగణాల బండిని తోసుకొచ్చి వితూన్ గారి గేటు పక్కనే పెట్టింది. గిరాకీ ఎక్కడుంటే బండి అక్కడే మరి. వితూన్ గారు ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ బయటికి తెచ్చారు. మాలీ కొన్నదీ, పెట్టెలోంచి ఎన్నడూ తియ్యనిదీ అయిన పన్నెండు గ్లాసుల సెట్టు కడిగి అందరికీ మంచినీళ్ళు ఇచ్చారు. పన్నెండూ చాల్లేదు. ఎవరో, "బాబాయ్, అన్నం తిన్నారా?" అని అడిగారు. ఆయన తినేశారు. అయినా లేదన్నారు, వాళ్ళు పెడతారని.

"అరవైఒకటి తగిలిందంటే, అందరం మీ కారులోనే గుడికెళ్ళి మొక్కు తీర్చుకుందాం గుమాస్తాగారూ," అంది లమ్‌దువాన్. "నేను ముందు సీట్లో కూర్చుంటా. వెనక నాకు కడుపులో తిప్పుతుంది."

పుట్టి బుద్ధెరిగి లాటరీ మొహం చూడని వితూన్ గారు ఆ క్షణంనుంచి అరవైఒకటి కోసం మొక్కడం మొదలుపెట్టారు.

ఆదివారం సాయంత్రం జనం పలచబడ్డాక, రోజూ చేసినట్టే కారులో కూర్చుని తలుపు వేసుకున్నారు. ఎక్కడికీ వెళ్ళరు. కొత్త తోలు వాసనలో కాసేపు కూర్చుని, మాలీ ఉంటే ఏమనేదో ఊహించుకుని లేచి వచ్చేస్తారు. ఆ రోజు అద్దంలోంచి బానెట్ కేసి చూసి ఉలిక్కిపడ్డారు. గేటు వైపునుంచి చూసిన అంకెలు ఇక్కడినుంచి తలకిందులయ్యాయి. ముందు ఒకటి, పక్కన తొమ్మిది. పందొమ్మిది.

ఆయన గబగబా దిగి లమ్‌దువాన్ బండి దగ్గరికి వెళ్ళారు.

"లమ్‌దువాన్, లోపలినుంచి చూస్తే..."

"ఉండండి, చిల్లర వెతుక్కుంటున్నా. ఆఁ, లోపల ఏంటి?"

చుట్టూ ఎనిమిదిమంది ఉన్నారు. ఎనిమిదిమంది చేతుల్లోనూ అరవైఒకటి టిక్కెట్లున్నాయి. అందరూ ఒక్క మాట మీద, ఒక్క సంతోషం మీద ఉన్నారు. అందులోకి తన పందొమ్మిదిని తీసుకెళ్ళి ఎక్కడ నిలబెట్టాలో ఆయనకి తెలియలేదు.

"పది ఇయ్యి. వేడివేడిగా," అన్నారు.

సోమవారం ఉదయం ఆయన కూడా బున్‌చూ వెనక కూర్చుని వెళ్ళి ఒక టిక్కెట్టు కొన్నారు. సాయంత్రం టీవీని కిటికీలోంచి బయటికి తిప్పి పెట్టారు. సందు సందంతా, రచ్చనీతో సహా, ఆయన గేటు ముందే ఉంది. చివరి రెండంకెలు వచ్చాయి. పందొమ్మిది.

కుర్చీలు కిర్రుమన్నాయి. పౌడరు డబ్బాలు సంచుల్లోకి వెళ్ళిపోయాయి. "పోన్లే, ఒకటో తారీకు చూసుకుందాం," అన్నాడు బున్‌చూ. లమ్‌దువాన్ పొయ్యి ఆర్పింది. ఇంకో నాలుగు నిమిషాల్లో గేటు ముందంతా ఖాళీ అయిపోతుందని వితూన్ గారికి అర్థమైంది. కడిగిన గ్లాసులు పన్నెండూ మళ్ళీ పెట్టెలోకి వెళ్తాయి.

"లోపలినుంచి పందొమ్మిదే," అన్నారు.

అందరూ ఆగిపోయారు.

"ఏంటి బాబాయ్?"

"కారులో కూర్చుని చూస్తే అది పందొమ్మిది. నిన్ననే చూశాను."

బున్‌చూ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "నిన్న చూసి ఇవాళ చెబుతారా? ఎన్ని కొన్నారు పందొమ్మిదులు? ఒక్కరే మింగేద్దామనా?"

వితూన్ గారు చొక్కా జేబులోంచి టిక్కెట్టు తీసి చూపించారు. అరవైఒకటి.

"పందొమ్మిదని తెలిసి అరవైఒకటి ఎందుకు కొన్నారండీ?" అంది రచ్చనీ.

"మీరంతా అదే కొన్నారు కదమ్మా," అన్నారాయన.

తిట్టడానికి నోరు తెరిచిన బున్‌చూ వంగి టోపీ ఏరుకున్నాడు. లమ్‌దువాన్ మాత్రం, "నేను నమ్మను. చూడందే నమ్మను," అంటూ గోడకీ కారుకీ మధ్య ఒత్తిగిలి, తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. సీటు మీది ప్లాస్టిక్ కవరు కరకరలాడింది. వితూన్ గారు ఇటునుంచి ఎక్కారు.

పౌడరు ఇంకా చెరిగిపోలేదు. ఆవిడ చూసింది. "అయ్యో నా రాత. పందొమ్మిదే. ఇదిగో ఒకటి, ఇదిగో తొమ్మిది," అంటూ చేతిలోని ఇనుప చెంచాతో అద్దం ముందు డాష్‌బోర్డు మీద గీసి మరీ చూపించింది. నల్లటి మెత్తటి డాష్‌బోర్డు మీద జానెడు గీత బర్రుమని పడింది. ఆవిడ అది చూసుకోలేదు.

"కారు కొని ఇన్నాళ్ళయిందే, ఈ సీట్లో ఇంతవరకు ఎవరూ కూర్చోలేదా గుమాస్తాగారూ? ఒక్కరు కూర్చున్నా తెలిసిపోయేది."

"లేదు," అన్నారాయన. "ఎవరూ కూర్చోలేదు."

ఆవిడ ఆయన కేసి ఒకసారి చూసి, చెంచా ఒళ్ళో పెట్టుకుంది. "గుడికి ఎప్పుడు తీసుకెళ్తున్నారు దీన్ని?" అని అడిగింది. వెనక బున్‌చూ తానూ చూడాలని తలుపు మీద దబదబా బాదుతున్నాడు.

మొక్కు లేకపోయినా లమ్‌దువాన్ తర్వాత వచ్చిన బౌద్ధుల ఉపోసథ పుణ్యదినాన గుడికి వచ్చింది. భిక్షువుగారు బొట్లు పెట్టారు, ఏ ప్రశ్నా అడగలేదు. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ కారెక్కలేదు. పొంగణాల బండి వదిలి రావడానికి కుదరాలి కదా. ఏడో రోజుకి బుడగలు చెప్పినట్టే ఎండిపోయాయి, బానెట్ అద్దంలా తయారైంది. గేటు దగ్గర ఆగేవాళ్ళు లేరు. బున్‌చూ మాత్రం వెళ్తూ వెళ్తూ ఒకసారి హారన్ కొడతాడు. వితూన్ గారు సాయంత్రాలు కారులో కూర్చోవడం మానలేదు.

నెలాఖరున తనిఖీకి తీసుకెళ్తే, రచ్చనీ కారు చుట్టూ తిరిగి బయట ఒక్క గీత కూడా లేదని మురిసిపోయింది. తలుపు తీసి లోపలికి చూసి నాలుక కరుచుకుంది.

"డాష్‌బోర్డుకి ఎంత గీత పడిందో చూడండి. అరగంట ఆగండి బాబాయ్, పాలిష్ పెట్టి పోగొట్టి, పైన ఫిల్మ్ కూడా వేసేస్తాను."

"అక్కడ వద్దమ్మా," అన్నారు వితూన్ గారు కంగారుగా, గీతకి చెయ్యి అడ్డం పెట్టి.

"మరి ఏమీ తగలని చోటంతా అంత డబ్బు పోసి ఎందుకు వేయించినట్టు?"

"అప్పటికింకా నా కారుకి ఎవరూ తగల్లేదు కదమ్మా."