నలభై రౌండ్ల సెలవు

సెలవు అనేది మనిషికి పుట్టుకతో వచ్చే హక్కు కాదనీ, నాలుగు చక్రాల మీద గెలుచుకోవలసిన గౌరవమనీ ప్రపంచంలో అందరికన్నా ముందు కనిపెట్టిన ఘనత కువైట్‌లోని ఒక రవాణా కంపెనీకి చెందుతుంది. (దాని పేరు బయటపెట్టొద్దని ఈశ్వరయ్య బతిమాలుకున్నాడు. అతనికింకా రెండేళ్ళ కాంట్రాక్టు ఉంది.)

ఆ కంపెనీలో నూటపన్నెండు మంది డ్రైవర్లు. మహబూలాలో గదికి ఎనిమిదిమంది చొప్పున పడుకుని, పొద్దున్నే షుఐబా ఫ్యాక్టరీలకు పనివాళ్ళను బస్సుల్లో చేరవేస్తారు. సెలవు కావాలంటే నోరు తెరిచి అడగడం అక్కడ అనాగరికం. ఫోనులో కంపెనీ యాప్ తెరిచి అడగాలి. అడిగిన మరుక్షణం ‘పరిశీలనలో ఉంది’ అని పచ్చరంగులో వస్తుంది. రాయచోటి ఈశ్వరయ్యకు ఆ పచ్చరంగు వచ్చి రెండేళ్ళ మూడు నెలలైంది. రోజూ టీ తాగాక ఒకసారి తెరిచి చూసుకుంటాడు. రంగు ఇసుమంత కూడా వెలిసిపోలేదు. యాప్ నాణ్యత అలాంటిది.

అతనికి సెలవెందుకో చెప్పాలి. భార్య వెంకటేశ్వరి కూడా కువైట్‌లోనే, అబూ హలీఫాలో ఒక అరబ్బు ఇంట్లో పని చేస్తుంది. మొగుడికీ పెళ్ళానికీ మధ్య దూరం బస్సులో పన్నెండు నిమిషాలు. వారానికోసారి ఆమె చెత్తసంచి పడేయడానికి గేటు బయటికి వచ్చినప్పుడు ఐదు నిమిషాలు మాట్లాడుకుంటారు. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, మంచిమనిషి. ఏడు నిమిషాలదాకా ఏమీ అనదు. ఇక ఊరికి పోవడమంటారా, ఆరేళ్ళుగా ఆమెకు సెలవొస్తే ఇతనికి రాదు, ఇతనికొస్తే ఆమెకు రాదు. రాయచోటిలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఎనిమిదేళ్ళ కూతురు, “మా ఇంట్లో అమ్మా నాన్నా షిఫ్టుల్లో వస్తారు టీచర్” అని బళ్ళో చెప్పిందట. టీచరు నవ్విందట. ఫోనులో విని ఈశ్వరయ్య కూడా నవ్వాడు. ఆ పూట మాత్రం అన్నం సహించలేదు.

ఈసారి మామా వెంకటేశ్వరికి మే మొదటి తేదీ నుంచి నలభై రోజులు ఇచ్చింది, టికెట్టుతో సహా.

“నీది ఎప్పుడు తెగుతాది?” అని ఆమె గేటు దగ్గర అడిగింది.

“పరిశీలనలో ఉండాది.”

“ఆ మాట నా దగ్గర అనొద్దు. ఒక్కసారి ముగ్గురం ఒక ఇంట్లో పండుకోవల్ల. నేనడిగేది అంతే.”

సరిగ్గా అదే ఏడాది కంపెనీ ముదీరుకు (మేనేజరును అక్కడ అలాగే అంటారు) న్యాయబుద్ధి పుట్టింది. నూటపన్నెండు దరఖాస్తుల్లో ఒకదాన్ని ముందుకు జరిపితే మిగతా నూటపదకొండు మంది నొచ్చుకుంటారని ఆయన చాలాకాలం బాధపడ్డాడు. ఆయనకు స్టాక్ కార్ రేసులంటే ప్రాణం. స్టాక్ కార్ అంటే ఊళ్ళో తిరిగే మామూలు కారే. సీట్లు పీకేసి, లోపల ఇనప గొట్టాలు బిగించి, తలుపు మీద నంబరు రాసి, ఒకే గుండ్రటి దారిలో అదేపనిగా తిప్పుతారు. (ఎంత తిరిగినా ఎక్కడికీ చేరకపోవడమే ఈ ఆట. మనవాళ్ళకు శిక్షణ అక్కర్లేదు.) సర్క్యులర్ వచ్చింది: ‘సీజనుకు నెలకొకటి చొప్పున పది రేసులు. ఛాంపియన్‌కు వరసతో పని లేకుండా నలభై రోజుల సెలవు, టికెట్టు. మిగతావారి దరఖాస్తులు యథాప్రకారం పచ్చగా ఉంటాయి.’

మొదటి తొమ్మిది రేసుల్లో ఈశ్వరయ్య ఒక్కటి కూడా గెలవలేదు. అలాంటి ఆలోచన కూడా అతనికి లేదు. బస్సు తోలినట్టే తోలాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఇండికేటరు వేశాడు. ఆవేశపరులంతా గోడకు గుద్దుకుని సున్నాలు తెచ్చుకుంటే, ఇతను ప్రతిసారీ ఆరోవాడుగానో ఏడోవాడుగానో క్షేమంగా ఇల్లు చేరి పాయింట్లు ఏరుకున్నాడు. తొమ్మిది రేసులయ్యేసరికి అందరికన్నా అరవై ఒక్క పాయింట్లు ముందున్నాడు. మహబూలా గదిలో పెట్టె సర్దుకోవడం కూడా మొదలుపెట్టాడు.

సెలవుల సమన్వయాధికారి వెంకటసత్యనారాయణ గారిది కాకినాడ. ఎంత చేదువార్తయినా మర్యాదగా చెబుతారు.

“మీరు అరవై ఒక్క పాయింట్లు ముందున్నారండి ఈశ్వరయ్య గారూ. చాలా సంతోషమండి. అందుకని వాటిని తీసేస్తున్నామండి.”

“ఎందుకు సార్?”

“ఉత్కంఠ కోసమండి. పద్నాలుగో రూలు. చివరి రేసుకి మొదటి నలుగురినీ సమానం చేసేస్తామండి. ఆ నలుగుర్లో ఎవరు ముందొస్తే వాళ్ళే ఛాంపియనండి. మిగతా కార్లు ఊరికే తిరుగుతాయండి, నిండుగా ఉంటుందని.”

తొమ్మిది నెలల బుద్ధిమంతుడి కష్టం తొమ్మిది సెకన్లలో పోయింది. ఈశ్వరయ్య “థాంక్యూ సార్” అని బయటికొచ్చాడు. (మనవాడికి ఆఫీసులో ఎవరేం చేసినా ముందు థాంక్యూ వస్తుంది, ఏడుపు మెట్లు దిగాక వస్తుంది.)

ఏప్రిల్ చివరి శుక్రవారం, పట్టపగలు, చివరి రేసు. నలభై రౌండ్లు. ఆ నలుగురిలో ఒకరు ఫిలిప్పీన్స్ వాడు, ఒకరు బంగ్లాదేశ్ వాడు, మూడోవాడు కడప అతీఖ్. అతీఖ్‌ది ఈశ్వరయ్య గదే, పై మంచం. అతనికీ ఊళ్ళో పని ఉంది. ఊళ్ళో పని లేనివాడు కువైట్‌లో ఎవడు?

ముప్ఫయ్యో రౌండులో బంగ్లాదేశ్ సోదరుడూ ఫిలిప్పీన్స్ సోదరుడూ ఒకరినొకరు గుద్దుకుని ఇద్దరూ ఇసకలోకి పోయారు. పసుపు జెండా ఊపారు. అందరూ నెమ్మదించాలి, ఈ సందులో ముందున్న కార్లన్నీ పక్కకు పోయి టైర్లు మార్చుకున్నాయి. ఈశ్వరయ్య పోలేదు. కంపెనీలో టైరు మార్చాలంటే ఇద్దరు అధికారుల సంతకాలున్న చీటీ కావాలి. అతని దగ్గర చీటీ లేదు. ఆ విధంగా, చీటీ లేని పుణ్యాన, ఈశ్వరయ్య జీవితంలో మొదటిసారి దారి మీద అందరికన్నా ముందున్నాడు.

ఆ పది రౌండ్లూ అతనికి ఒళ్ళు తెలియలేదు. వెంకటేశ్వరి పక్కన విమానంలో కూర్చున్నట్టూ, కూతురు ఇద్దరినీ ఒకేసారి చూసి ఎవరి దగ్గరికి ముందు ఉరకాలో తెలియక నిలబడిపోయినట్టూ కనబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి హెల్మెట్టు అడ్డం.

ఆఖరి రౌండు. ఆఖరి మలుపు. అప్పుడు అద్దంలో వెనక కారు హెడ్‌లైట్లు మూడుసార్లు గబగబా వెలిగి ఆరాయి.

కువైట్ రోడ్ల మీద తిరగనివారికి ఒక ముక్క చెప్పాలి. ఎడమ వరసలో పోతుండగా వెనకనుంచి లైట్లు కొడితే, ఎవరని అడగకూడదు. కుడివైపుకి జరిగిపోవాలి. ఆ కారులో ఎవరి కొడుకున్నాడో, దానికి గీత పడితే ఎవరు ఎవరికి ఫోను చేస్తారో, ఆ ఫోనుకి ఎవరి ఇఖామా (అక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు) రద్దయి ఎవడు విమానమెక్కాలో, ఎవరికి తెలుసు? పద్నాలుగేళ్ళుగా ఈశ్వరయ్య రోజుకి ఇరవైసార్లు జరుగుతున్నాడు. ఇప్పుడూ జరిగాడు. ఇండికేటరు వేసి మరీ జరిగాడు. పైగా చెయ్యెత్తి సలాం పెట్టాడు.

అతీఖ్ బంపరు వెడల్పు తేడాతో గెలిచాడు.

“అన్నా, నేను ఊరికే కొట్టినా,” అన్నాడు అతీఖ్, కారు దిగి తల దించుకుని. “నువ్వు నిజంగా జరుగుతావనుకోల్యా.”

“నేనూ అనుకోల్యా అతీఖూ. చేతులు జరిపేసినాయి.” ఈశ్వరయ్యకు అతని మీద కోపం రాలేదు. తన చేతుల మీద వచ్చింది. ఆ చేతులతోనే ఆ సాయంత్రం అబూ హలీఫా గేటు దగ్గర చెత్తసంచి అందుకుని, జరిగింది చెప్పాడు. మే ఒకటిన వెంకటేశ్వరి ఒక్కతే విమానమెక్కింది.

కథ ఇక్కడితో అయిపోతే కంపెనీకి పరిపాలన ఉందని ఎవరు నమ్ముతారు? రేసు తర్వాత కార్ల తనిఖీ అని ఒకటుంది. స్టాక్ కారుకి నిజమైన హెడ్‌లైట్లు ఉండకూడదు. లైటు బొమ్మ ఉన్న స్టిక్కరు అంటించాలి. అతీఖ్ కారుకి నిజం లైట్లు వెలిగాయి. విచారణకు ‘దీపాల నిజాయితీ ఉపసంఘం’ వేశారు. మొదటి సమావేశంలో అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. రెండోదానికి అధ్యక్షుడు రాలేదు. మూడోదాంట్లో, పట్టపగలు లైటు వెలిగిందని కంటితో ఎలా చెప్పగలమన్న సందేహం వచ్చి, నిపుణుడి అభిప్రాయం కోరారు. నిపుణుడు సెలవులో ఉన్నాడు. (ఎలా దొరికిందో ఎవరికీ తెలియదు.) జూన్ ఏడున తీర్పు వచ్చింది: అతీఖ్ అనర్హుడు. ఛాంపియన్ ఈశ్వరయ్య.

“తీసుకో అన్నా. నీదే,” అన్నాడు అతీఖ్ పై మంచం మీద నుంచి, అటు తిరిగి పడుకుని.

ఈశ్వరయ్య వేళ్ళమీద లెక్క వేసుకుని, పరుగున ఆఫీసుకి పోయాడు.

“సార్, నా భార్య తొమ్మిదో తేదీ తిరిగొస్తాంది. ఇప్పుడు నేను పోయి ఏం జేయాల? ఈ సెలవు ఆమెకి మళ్ళీ సెలవొచ్చినప్పుడు ఇయ్యండి. లేదంటే అతీఖ్‌కే ఇచ్చేయండి.”

“వాయిదాకి రూల్లేదండి. అతీఖ్ గారు అనర్హులండి,” అన్నారు వెంకటసత్యనారాయణ గారు. “మూడు రోజుల్లో బయల్దేరకపోతే మీ పేరు మళ్ళీ పరిశీలనలోకి వెళ్తుందండి. నూటపన్నెండో నంబరుతో. ఛాంపియన్‌గిరీ వదులుకునే ఫారం ఇంకా తయారవలేదండి. కంగ్రాట్స్ అండి.”

కూతుర్నయినా చూడొచ్చు కదా అనుకున్నాడు ఈశ్వరయ్య. “థాంక్యూ సార్” అన్నాడు.

జూన్ తొమ్మిదిన అతని చెన్నై విమానం రాత్రి తొమ్మిదిన్నరకు. ఆమె విమానం దిగింది ఆరున్నరకు. వచ్చేవాళ్ళ గేటు దగ్గర సూటుకేసుతో నిలబడ్డాడు. వెంకటేశ్వరి పచ్చడి డబ్బాల సంచి మోసుకుంటూ వచ్చింది. బయట మామా పంపిన కారు హారన్ కొడుతోంది. అతను తీర్పు సంగతీ, మూడు రోజుల సంగతీ, లేని ఫారం సంగతీ గబగబా చెప్పాడు. పచ్చడి డబ్బా ఒకటి తీసి దారిలో తినమని అతని చేతిలో పెట్టి, మొగుడి మొహం నిదానంగా చూసిందామె.

“గెలిస్తివంట గదయ్యా,” అంది. “ఓడిపోయింటే ఈడన్నా ఉంటాంటివి.”