శనగకట్టె తొక్కడానికి వచ్చిన బండి

ఆ మాఘమాసపు పొద్దున చిన్నసుబ్బయ్య పెట్టుకున్న పని ఒక్కటే. కోసి వామి వేసిన శనగకట్టెను, కాయలతో ఎండిన ఆ మొక్కలను, రోడ్డు మీద పరచడం, వచ్చేపోయే బండ్లు దాన్ని తొక్కుతుంటే వేపచెట్టు కింద కూర్చుని బీడీ కాల్చడం. జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడిలో శనగ పండించే వాళ్లు చాలామంది చేసే పనే అది. లారీ చక్రానికి మించిన నూర్పిడి యంత్రాన్ని ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదని అతని గట్టి నమ్మకం.

చిక్కల్లా ఏ రోడ్డు మీద పరచాలనే దగ్గర వచ్చింది. భార్య తిరుపాలమ్మ ముద్దనూరుకు పోయే పాత రోడ్డు అంది. అది నిండా గుంతలని, సగం శనగలు గుంతల్లోనే ఉండిపోతాయని చిన్నసుబ్బయ్య ఊరవతల కొత్త బైపాసు మీద పరిచాడు. ఆ రోడ్డు అద్దంలా ఉంది. గుంతలు లేవు, పక్కన కరెంటు స్తంభాలు లేవు, నడిమధ్య గోడ లేదు. బండ్లు కూడా లేవు. దాని అవతలి కొస ఇంకా పెద్ద రోడ్డుకు కలవలేదు మరి.

ఎండెక్కే దాకా ఆ దారిన వచ్చింది ఒక్క బర్రె. అది శనగలు తొక్కలేదు, తిన్నది.

"ఇంత నున్నటి రోడ్డు నా జన్మలో చూళ్లేదప్పా," అంది తిరుపాలమ్మ. "పరిచినావు గదా, ఇంగ దాని మీదే పండుకో."

"ఓపిక పట్టుమే. ఏదో ఒక బండి రాకపోతాదా."

"యాడ నుంచి వస్తాది, పైనుంచా? పొద్దు తిరిగే లోపల రాకుంటే దుడ్డుకర్ర తీసుకొని నువ్వే కొట్టు. నేను మాత్రం చెయ్యి పెట్టను."

ఆ మాట ఆమె నోట్లో ఉండగానే గండికోట కొండల వైపు నుంచి గరగరమని చప్పుడొచ్చింది. ఒక చిన్న తెల్ల విమానం, కొబ్బరిచెట్టంత ఎత్తులో, వాళ్ల తలల మీదుగా పోయింది. తిరుపాలమ్మ కొంగు ఎగిరి ముఖాన పడింది.

అది ఏదో విమానాల స్కూలుదని, లోపల శిల్ప అనే అమ్మాయి ఒక్కతే ఉందని, కొండల మీద ఒక పెద్ద గద్ద వచ్చి కొట్టుకోవడంతో చక్రాలు కిందికి దిగకుండా బిగుసుకుపోయాయని, ఇంజను కూడా దగ్గడం మొదలుపెట్టి కడప దాకా పోయే ఓపిక దానికి లేదని వాళ్లకు తర్వాత తెలిసింది. అప్పటికి తిరుపాలమ్మకు తట్టింది వేరు.

"ఫోటోలు తీస్తాండారు," అంది. "రోడ్ల మీద పంటలు పరచొద్దని పోలీసోళ్లు మైకులో చెప్పిపోలేదా? అదే ఇది. గుంజు, బిన్నా గుంజు."

ఇద్దరూ కలిసి కట్టెనంతా రోడ్డు వారకు లాగి పడేశారు. ఈలోగా విమానం పెళ్లిచూపులకు వచ్చినట్టు ఒక్కొక్క నేలనూ చూసుకుంటూ తిరిగింది. పెన్న ఇసుక మీదికి వంగి చూసింది, వద్దనుకుంది. నెర్రెలు విచ్చిన రేగడి చేను మీదికి వంగింది, అదీ వద్దనుకుంది. చివరికి బైపాసు మీదికి వచ్చి ఆ కొస నుంచి ఈ కొస దాకా నిదానంగా పోయింది. నున్నగా, బోసిగా ఉన్న ఆ తారు దానికి నచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆ రోడ్డు మీదికి తొలి బండి వచ్చింది. ప్రొద్దుటూరు పరుపుల వ్యాపారి బదరీనారాయణ శెట్టి, సాయంత్రం పులివెందులలో జరిగే పెండ్లికి కొత్త పరుపులు వేసుకొని, అడ్డదారి అనుకొని వ్యాను తోలుకొచ్చాడు. పరుపుల మీద వాటిని కుట్టిన అబ్దుల్ వాహిద్ కూర్చొని ఉన్నాడు.

"రా సామీ, రా. కొంచెం వారకు, కట్టె మీద నుంచి పోండి," అని తిరుపాలమ్మ ఎదురుపోయింది. శెట్టి ఆమె మాట వినలేదు. బండి దిగి, నోరు తెరుచుకొని ఆకాశం వైపు చూస్తున్నాడు.

చిన్నసుబ్బయ్య కూడా చూశాడు. సగం ఆయుష్షు గొర్రెల వెంట గుట్టలెక్కి గడిపిన మనిషి. కొంగ గానీ కాకి గానీ వాలేముందు కాళ్లు చాపడం అతను చూడని రోజు లేదు. ఇది వాలాలని చూస్తోంది. కాళ్లు మాత్రం చాపడం లేదు.

"దానికి చక్రాలు ల్యావప్పా," అన్నాడు మెల్లగా. "లోపల ఎవరో ఆడపిల్ల ఉన్నెట్టుంది."

అంత పెద్ద ఆకాశంలో, పొట్ట తప్ప ఇంకేమీ లేకుండా, ఒక పిల్ల దిగడానికి చోటు వెతుక్కుంటోంది. ముగ్గురు మగవాళ్లూ అది ఎటు పోతే అటు తలలు తిప్పుతూ నిలబడ్డారు.

ముందుగా తేరుకున్నది తిరుపాలమ్మే. "నిలబడి చూస్తారేందయ్యా? గట్టి తారు మీద పడితే ఆ బిడ్డ ఏమైపోవల్ల? మెత్తగా ఏమన్నా పరచండి."

ఇంతసేపూ లాగి పడేసిన శనగకట్టెను మళ్లీ రోడ్డు మధ్యకు ఈడ్చారు. అది చాలదనిపించింది. అందరూ వ్యాను వైపు చూశారు.

"అవి పెండ్లి పరుపులు," అన్నాడు శెట్టి.

"బూరుగు దూది శెట్టిగారూ. శానా మెత్తన," అన్నాడు వాహిద్, అడగకుండానే.

శెట్టి ఒకసారి పరుపుల వైపు, ఒకసారి పైకి చూశాడు. పంచె ఎగగట్టాడు. "దించు," అన్నాడు.

కట్టె మీద తెల్లటి పరుపులు వరసగా పడ్డాయి. విమానం మళ్లీ కిందికి వచ్చింది. పక్క కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఎర్రటి గుడ్డను అటూ ఇటూ ఊపింది.

"ఏమంటాంది?" అన్నాడు శెట్టి.

చిన్నసుబ్బయ్యకు ఆ భాష వచ్చు. ఈ గుట్ట మీది కాపరి తుండుగుడ్డ అటూ ఇటూ ఊపాడంటే, ఆ గుట్ట మీది వాడు మిగతా మందను కూడా తోలుకురావాలి. "చాల్లేదంట. ఇంగా తెమ్మంటాంది," అన్నాడు.

ఇంకా తెచ్చారు. దిండ్లు వేశారు. పరుపుల మీద పరుపులు వేశారు. విమానం ఇంకో చుట్టు తిరిగి వచ్చింది. ఈసారి గుడ్డ ఇంకా గట్టిగా ఊగింది.

"పాపం, భయపడినట్టుంది. ఇంగా వెయ్యండి," అన్నాడు చిన్నసుబ్బయ్య. తన గొంగళి వేశాడు. శెట్టి జరీ కండువా తీసి వేశాడు. వ్యాను సీటు కూడా ఊడదీద్దామా అని వాహిద్ అడిగాడు.

ఈ వైభవమంతా కూతురికి చూపించాలనిపించింది తిరుపాలమ్మకు. ఇడుపులపాయలో ఇంజనీరింగు చదివే లక్ష్మీప్రియకు వీడియో కాల్ చేసింది. "చూడు పాపా, మీ నాయన విమానానికి పాన్పు వేస్తాండాడు."

ఫోనులో ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "నాయనా, అవన్నీ తీసేయండి. దానికి గట్టి నేలే కావల్ల, నున్నగా ఉండల్ల."

"పడేటప్పుడు మెత్తగుంటే మంచిదే గదమ్మా."

"అది పడేది కాదు నాయనా, జారేది. చిన్నప్పుడు బండ మీద జారితి అంటావే, ఆ బండకు నడిమధ్య పరుపేసింటే ఏమయ్యేటోనివి?"

చిన్నసుబ్బయ్య ఆలోచించాడు. ముక్కు పరుపులో దిగబడి, కాళ్లు పైకి లేచి, తల కిందికి పోయేది. విమానంలోని పిల్ల ఇంతసేపూ తెమ్మనలేదు, తీయమంది. తానే గదా ఇంకా వేయించింది.

అప్పుడే ఇంజను ఆగిపోయింది.

అంతవరకు గరగరలాడిన ఆకాశం ఒక్కసారిగా ఊరకుండిపోయింది. చాలా దూరంలో, ఎర్రమల కొండల వరస ముందు, ఆ తెల్లటి విమానం రోడ్డుకు ఎదురుగా తిరిగి, రెక్కలు సరిచేసుకొని, చప్పుడు లేకుండా దిగడం మొదలుపెట్టింది. చూస్తూ నిలబడాలనిపించేంత అందంగా ఉంది. నిలబడే తీరిక లేదు.

నలుగురూ పరుపుల మీద పడ్డారు. ప్రొద్దుటూరులో గల్లా పెట్టె దగ్గర నుంచి లేవడానికి మనిషి సాయం అడిగే శెట్టి, నెత్తి మీద ఒకటి, చంకలో ఒకటి పెట్టుకొని పరిగెత్తాడు. వాహిద్ తాను కుట్టిన పరుపులను కాలితో తన్ని రోడ్డు పక్క ఎండిన కాలువలోకి దొర్లించాడు. చివరి పరుపును చిన్నసుబ్బయ్య పక్కకు ఈడ్చి దాని మీదే వెల్లకిలా పడ్డాడు. కట్టె మాత్రం రోడ్డు నిండా అట్లాగే ఉంది. దాన్ని తీసే వ్యవధి లేదు.

విమానం అతని పక్క నుంచే వచ్చింది. గాలి ముందు వచ్చింది, నీడ తర్వాత వచ్చింది. తల్లి ఉయ్యాల్లో బిడ్డను దించినట్టు ఆ అమ్మాయి విమానం పొట్టను నేలకు ఆనించింది. తర్వాత లోకమంతా చినిగిపోతున్నంత చప్పుడు. ఎండిన కాయలు పటపటా పగిలి, లోపలి శనగలు ఒక్కసారిగా బయటికొచ్చి పొట్ట కింద గోలీల్లా దొర్లాయి. ఆ గోలీల మీద విమానం, పండగనాటి రథంలా, వంకర పోకుండా, జారుకుంటూ, జారుకుంటూ పోయి వేపచెట్టుకు కాస్త ఇవతల నిలబడిపోయింది.

పొట్టు దుమ్ము బంగారు రంగులో గాల్లోకి లేచి, చాలాసేపు కిందికి రాలేదు. శెట్టి తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

పొగ కనబడేసరికి వాహిద్ నీళ్ల క్యానుతో పరిగెత్తాడు. పైనున్న తలుపు తెరుచుకొని ఇరవై దాటిన పిల్ల ఒకతె రెక్క మీదికి దిగింది. చేతిలో ఎర్ర చున్నీ. తిరుపాలమ్మ ఆమెను పొదివి పట్టుకొని మజ్జిగ చెంబు నోటికి అందించింది.

"నేను తీసేయమని అంతగా ఊపుతుంటే, ఇంకా ఇంకా వేశారేంటండీ?" అంది శిల్ప, చెంబు ఖాళీ చేశాక. కోస్తా పిల్ల.

"మా గొర్రెలకైతే అట్లే ఊపుతామమ్మా," అన్నాడు చిన్నసుబ్బయ్య, తల వంచుకొని.

ఆ పిల్ల అతని వైపు చూసి, నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే ఏడ్చింది. తిరుపాలమ్మ ఆమె వీపు నిమురుతూ ముక్కుతో గాలి పీల్చింది. వేయించిన శనగల వాసన. పొట్ట రాపిడికి కొన్ని వేగినాయి కూడా. ఆమె వంగి గుప్పెడు తీసుకొని, ఊదింది. పొట్టు ఎగిరిపోయింది, చేతిలో శుభ్రమైన శనగలు మిగిలాయి. మొగుడి వైపు చూసింది. పొద్దుటి నుంచి అన్న మాటల్లో ఒక్కటీ మళ్లీ అనలేదు.

సాయంత్రానికి ఆ రోడ్డు మీద అంబులెన్సు, పోలీసు జీపు, ఫైరింజను, జమ్మలమడుగు నుంచి, ప్రొద్దుటూరు నుంచి, పులివెందుల నుంచి విమానం చూడ్డానికొచ్చిన కార్లు, మోటారు సైకిళ్లు కిక్కిరిసిపోయాయి. తిరుపాలమ్మ నడిరోడ్డు మీద నిలబడి ఒక్కొక్క బండికీ దారి చూపింది: "కొంచెం ఎడమ పక్కకు పోండప్పా, ఆడ ఇంగా నలగలేదు." ఆ రాత్రి పులివెందులలో పెండ్లివాళ్లు పరుపుల్లో శనగలు ఏరుకున్నారు.

మరుసటేడు మాఘంలో ఆ బైపాసు మీద చోటు కోసం రైతులు ముందురోజే వచ్చి రాళ్లు పెట్టుకున్నారు. తెల్లారి అందరూ కట్టె పరిచి, రోడ్డుకు వీపు పెట్టి, కొండల మీది ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు.