శారదమ్మ నవ్వు మాయమైన కేసు

"ఈ లోకంలో అసలైన డిటెక్టివులు ఇద్దరే ఇద్దరు. ఒకడు ఇంకా పుట్టలేదు. రెండోవాణ్ణి నేను!"

మారేడ్‌పల్లిలో సదాశివ ఇంటి సోఫాలో కూర్చుని ఈ మాట ప్రకటించి, జోగారావు ఇంకో పకోడీ అందుకున్నాడు. రైల్వే పార్సిలు ఆఫీసులో ఉన్నన్నాళ్లూ పోయిన మూట ఒక్కటైనా దొరకబుచ్చుకోని మహానుభావుడు, రిటైరయ్యాక అపరాధ పరిశోధకుడయ్యాడు. పక్క కుర్చీలో పనిచేసిన పాపానికి సదాశివ ఆయనకి అసిస్టెంటయ్యాడు.

ఈసారి కేసు మాత్రం సదాశివదే. కొన్నాళ్లుగా భార్య శారదమ్మ నవ్వడం లేదు. నవ్వకపోతే పోనీ, కసరడం కూడా లేదు. ముఖం ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. మెత్తటి అన్నమే తింటోంది, వెల్లకిలానే పడుకుంటోంది. ఇన్నేళ్లూ ఆ ముఖం చూసే ఇంట్లో ఎండో వానో తెలుసుకున్న మనిషికి, ఇప్పుడు ఏమీ తెలియక నిద్ర పట్టడం లేదు.

"నా మీద మనసు విరిగిందో, ఏమన్న రోగమో. అడిగితే చెప్తలేదు జోగారావ్. మస్తు పరేషాన్ అయితున్న."

"ఫోన్లో ఏమైనా అందా?"

"చెల్లెతోని చెప్తుంటే విన్న. 'రెండు దిక్కుల దారం ఏసిన్రు, నవ్వొద్దన్నరు, మా ఆయనకు చెప్పకు' అన్నది."

జోగారావు చేతిలో పకోడీ జారిపోయింది.

"దారం! దొరికిపోయాడు! దొంగబాబా! తాయెత్తు కట్టి, మంత్రం వేసి, మీ ఆవిడ నవ్వుని బంధించేశాడు!"

"నవ్వును బంధిస్తే వానికేం ఫాయిదా?"

"నేరస్థుడు మనలా ఆలోచించడయ్యా!"

"నీ లెక్క అయితే ఎవ్వడు ఆలోచించడు తియ్."

ఆ మధ్యాహ్నమే శారదమ్మ ఆటో ఎక్కింది. వెనకే ఇంకో ఆటోలో ఇద్దరూ. మండే ఎండలో మంకీ క్యాపు పెట్టుకున్న జోగారావుని చూసి, ఆటోవాడు దారి పొడుగునా అద్దంలో నవ్వుకుంటూనే ఉన్నాడు. తిరుమలగిరిలో ఓ మేడ కింద ఆవిడ దిగి, అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. పైన చర్మం డాక్టరు బోర్డు ఉంది.

"బోర్డు ముసుగు మాత్రమే. బాబా మకాం పై అంతస్తులో ఉంటుంది, పద!"

లోపల తెల్లకోటు అమ్మాయి ఎదురొచ్చింది. "లిఫ్ట్ కోసమా సార్?"

"లిఫ్టే! తొందరగా!"

"ముఖం మొత్తమా, గడ్డం కిందనేనా?"

"మనిషి పైకెళ్తే ముఖం కింద వదిలేసి వెళ్తాడటమ్మా? మొత్తం!"

సదాశివ నోరు తెరిచేలోపే జోగారావుని లోపల పడుకోబెట్టి, మొద్దుబారే క్రీము ముఖం నిండా దట్టించేశారు. కాసేపటికి గావుకేక వినిపించింది.

"తదాతివా! విబూది పూతేతారు! మంత్లం పట్టేతింది! మూతి లేదు నాకు!"

పక్క తెర చర్రున తొలగింది. చూపించుకోవడానికి వచ్చిన శారదమ్మ, మంకీ క్యాపు కింద ఆ తెల్లటి ముఖాన్ని చూసి, రెండు చేతులతో బుగ్గలు గట్టిగా పట్టుకుని పగలబడి నవ్వింది.

"అయ్యయ్యో! నన్ను నవ్వియ్యకుర్రి, దారాలు జారుతయ్!"

"ఏం దారాలు?" అంటూ సదాశివ పరుగెత్తుకొచ్చాడు.

డాక్టరమ్మ చెప్పింది. జారిన బుగ్గలు పైకి లాగడానికి చర్మం కింద సన్నటి దారాలు పెట్టారట. ఇక్కడ లిఫ్ట్ అంటే అదేనట. కోత లేదు, కుట్లు లేవు. దారం కుదురుకునేదాకా నవ్వకూడదంతే.

"కేతు తాల్వ్ చేతేతాను!" అన్నాడు జోగారావు గర్వంగా.

ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

"నాకు చెప్పకుంట ఎందుకు చేపిచ్చుకున్నవ్ శారదా? నీ ముఖానికి ఏమైందని?"

"మొన్న పెండ్లిల ఫొటో తీసెటోడు నన్ను 'అమ్మా, కొడుకు పక్కకు నిలబడుర్రి' అన్నడు. నా పక్కన ఉన్నదెవరు? జుట్టుకు రంగేస్కోని నువ్వే. అప్పుడు నువ్వేం జేసినవ్?"

సదాశివకి గుర్తొచ్చింది. నవ్వాడు. పందిట్లో అందరికంటే గట్టిగా నవ్వాడు. భోజనాల దగ్గర ప్రతి వరసకీ వెళ్లి మళ్లీ మళ్లీ చెప్పుకున్నాడు కూడా.

నేల చూపులు చూస్తున్న ఆయన్ని తెల్లకోటు అమ్మాయి వంగి పరీక్షగా చూసింది.

"సార్, మీ ముఖం సుత బాగ జారిపోయింది. దారం ఏద్దామా?"