బస్టాండు దగ్గర ఆగని బండి

ఆ రోజు పొద్దున టైలరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు బండెక్కాలి. పదిన్నరకు చెల్లెలి ఊరి బస్టాండులో దిగాలి. పదకొండు గంటల బస్సు కదిలేలోగా చెల్లెల్ని నోరారా తిట్టాలి. ఆ తరువాత దగ్గరకు తీసుకుని, జాగ్రత్తలు చెప్పి పంపాలి. ఈ చివరి సంగతి ఆమె మొగుడికి కూడా చెప్పలేదు. తిట్లు మాత్రం నిన్ననే వరసగా పేర్చి పెట్టుకుంది.

అక్కాచెల్లెళ్ళకు మాటల్లేక ఎనిమిది నెలలైంది. కారణం ఒక కత్తెర. కుట్టుపని తెలిసిన ఏ ఇంట్లోనైనా ఒక చట్టం ఉంటుంది: బట్ట కోసే కత్తెర బట్టను తప్ప మరి దేన్నీ ముట్టకూడదు. కాగితం తగిలినా దాని పదును చస్తుంది. ఆ కత్తెర పైగా వాళ్ళమ్మ వాడినది. దానితో చెల్లెలు అక్క కళ్ళముందే ఒక అట్టపెట్టెను పరపరా కోసింది. ఇదేమిటే అంటే, "కత్తెరన్నాక కొయ్యదా?" అంది. ఆ రోజు నుంచి ఒకరి ఫోను ఒకరు ఎత్తడం లేదు.

చెల్లెలు హాస్టల్ వార్డెను. ఇప్పుడు రెండు రోజుల ప్రయాణం దూరంలో, ఎక్కడో కొండల మీది బడిలో ఉద్యోగం ఒప్పుకుంది. ఆ కబురు కూడా టైలరమ్మకు చెల్లెలి పక్కింటావిడ చెబితే తెలిసింది. టైలరమ్మకు అరవై ఆరు, చెల్లెలికి యాభై ఎనిమిది. కోపంలో "రేపు మాట్లాడదాంలే" అని ఫోను పెట్టేసి అన్నయ్యను పోగొట్టుకున్న మనిషి టైలరమ్మ. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. అందుకే, తిట్టాల్సినవాళ్ళను ఆ రోజే తిట్టెయ్యాలన్నది ఆమె నియమం.

ఆ ఊరికి పొద్దున బస్సు ఒక్కటే ఉంది. "బండి ఉండగా బస్సెందుకే?" అని దాన్ని పోనిచ్చినవాడు ఆమె మొగుడు. గడియారాలు బాగుచేస్తాడు గనుక వీధంతా ఆయన్ను గడియారాలాయన అంటారు. చట్టమంటే ఆయనకు ప్రాణం. ఒకసారి కూడలిలో దీపం చెడిపోయి ఎర్రగానే ఉండిపోతే, ఎవరో వచ్చి బాగుచేసేదాకా గంటన్నర అక్కడే నిలబడ్డాడు.

సరిగ్గా ఎనిమిదింటికి ఆయన తన పాత బైకు కాగితాలు తీసి చూసుకుంటూ అడిగాడు.

"ఏమే, ఇవాళ తేదీ ఎంత?"

"పదహారు. ఎందుకు?"

"అబ్బే, ఊరికే."

నలభై ఏళ్ళ కాపురంలో ఆయన "ఊరికే" అన్నది ఏదీ ఊరికే పోలేదు. టైలరమ్మ వచ్చి కాగితం లాక్కుంది. బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అయిదో తేదీతోనే అయిపోయింది.

"ఊళ్ళో గడియారాలన్నీ మీరే నడుపుతారే! గోడ మీద క్యాలెండరు మాత్రం కంటికి ఆనదా?"

"నేను గంటలూ నిమిషాలే చూస్తాను. తేదీలు నా పని కాదే."

"మరి ఎవరి పని? నా పనా? కుట్టేది నేను, వండేది నేను, మీ బండికి పుట్టినరోజులు చేసేది కూడా నేనేనా?"

ఆయన రవాణా ఆఫీసుకు ఫోన్ చేశాడు. గడువు దాటిన బండి రోడ్డెక్కకూడదు. పరీక్ష చేసే గ్యారేజీలో టైం తీసుకుని ఉంటే మాత్రం ఎక్కవచ్చు, అదీ తిన్నగా అక్కడికే పోవాలి. అంతే చట్టం. వీధి చివరే ఒక గ్యారేజీ ఉంది, కానీ దానికీ చెల్లెలికీ సంబంధం లేదు. టైలరమ్మ బుర్ర పాదరసంలా పనిచేసింది.

"అయితే దాని ఊరివైపు గ్యారేజీలోనే టైం తీసుకోండి. దారిలో బస్టాండు తగలకపోతుందా?"

దొరికింది. చెల్లెలి ఊరు దాటాక అయిదు కిలోమీటర్ల అవతల, పెద్ద రోడ్డు పక్కన, పదకొండున్నరకు. "అరవై కిలోమీటర్ల నుంచి వస్తారా? మీ ఊళ్ళో గ్యారేజీలు లేవా అండీ?" అని అవతలివాడు ఆశ్చర్యపోయాడు.

"ఉన్నాయి బాబూ," అన్నాడు గడియారాలాయన. "అక్కడ మా మరదలు లేదు."

పదీ ఇరవైకల్లా చెల్లెలి ఊరి పొలిమేరలో వంతెన దగ్గరికి చేరారు. అక్కడ పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. కాగితాలు చూశాడు, గ్యారేజీ వాళ్ళు ఫోనుకు పంపిన చీటీ చూశాడు, తల ఊపాడు. అంతటితో ఆ కథ అయిపోవలసిందే.

"తిన్నగా గ్యారేజీకేగా?" అని మాటవరసకు అడిగాడు.

"లేదు సార్," అన్నాడు గడియారాలాయన. "మధ్యలో బస్టాండు దగ్గర ఒక అరగంట ఆగుతాం. అసలు వచ్చిందే అందుకు."

టైలరమ్మ వెనక నుంచి గిల్లింది. ఆలస్యమైపోయింది.

"బస్టాండులో ఏం పరీక్షండీ?"

"పరీక్ష కాదు సార్. మా ఆవిడ వాళ్ళ చెల్లెల్ని తిట్టాలి."

పోలీసు ముఖం గంభీరమైంది. చట్టం ప్రకారం ఈ బండి మధ్యలో ఎక్కడా ఆగకూడదన్నాడు. ఒక తెల్లకాగితం తీసి, ఏ టైముకు ఇక్కడి నుంచి కదిలిందో, మధ్యలో ఆగకుండా ఏ టైముకు చేరాలో రాసి, గ్యారేజీవాళ్ళ ముద్ర వేయించుకు రమ్మన్నాడు. రాయడానికి అతనికి ఇరవై నిమిషాలు పట్టింది. ప్రతి అక్షరానికీ టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"నన్ను ఇక్కడే దిగిపోనియ్ నాయనా. నడిచి పోతాను!"

"నాలుగు కిలోమీటర్లుంది పెద్దమ్మా. మీ ఇష్టం."

ఆమె మోకాళ్ళ వైపు చూసుకుంది. అవి ఒప్పుకోలేదు. దాంతో కోపమంతా నోటికి ఎక్కింది.

"ఓహో! ముసలాయన బండి కనబడింది నీకు! తలుపులూడి, పొగలు కక్కుతూ ఈ వంతెన మీంచి పొద్దస్తమానం బస్సులు పోతుంటాయే, ఒక్కదాన్నైనా ఆపి నీ కాగితమేదిరా అని అడిగిన పాపాన పోయావా నాయనా? ఏనుగుల్ని వదిలేసి చీమల్ని పట్టేవాడివి నువ్వు! నీ టోపీ నీ తల మీద కంటే ఆ స్తంభం మీద పెడితే ఎక్కువ పనిచేస్తుంది!"

పోలీసు చెవులు ఎర్రబడ్డాయి. ఏమీ అనకుండా కాగితం చేతికిచ్చి, దారి వదిలాడు. అతను ఏమీ అనకపోవడమే ప్రమాదమని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

పదకొండుకు పది నిమిషాలుండగా బస్టాండు వచ్చింది.

"ఆపండి!"

"ఆగకూడదని రాశాడే."

"రాస్తే రాశాడు, ఆపండీ!"

"టైం కూడా వేశాడు. నా చేత్తో చట్టం తప్పమంటావా?"

టైలరమ్మ కళ్ళముందే బస్సు, బస్సు పక్కన ట్రంకుపెట్టె, పెట్టె పక్కన చెల్లెలు. ఎనిమిది నెలల్లో జుట్టు సగం తెల్లబడింది. ఆమె పిడికిళ్ళు బిగించి మొగుడి వీపు మీద దబదబా బాదింది. "ఒసేయ్, ఇటు చూడవే!" అని గొంతు చించుకుంది. బస్సు ఇంజను రొదలో ఆ కేక వినబడలేదు. కానీ చెల్లెలు తలెత్తి చూసింది. బండి ఆగకుండా పోవడం చూసింది. గాలిలో ఊగుతున్న పిడికిలి చూసింది. మూతి బిగించి, ముఖం అటు తిప్పేసుకుంది.

ఆ తిప్పుకున్న ముఖం టైలరమ్మ గుండెలో ములుకులా దిగింది. మిగిలిన అయిదు కిలోమీటర్లూ ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. గడియారాలాయన భయపడిపోయి రెండుసార్లు వెనక్కి తిరిగి, మనిషి ఉందో పడిపోయిందో చూసుకున్నాడు.

గ్యారేజీలో రెండు షెడ్లున్నాయి, పెద్దది బస్సులకు, చిన్నది బైకులకు. మెకానిక్ మర్యాదగా స్టూలు తెచ్చి వేశాడు.

"కూర్చోండమ్మా."

"కూర్చోను."

"మంచినీళ్ళు తాగుతారా?"

"నీళ్ళు తాగి ఏం చెయ్యాలి? పోయింది! కొండెక్కిపోయింది! పిడికిలి చూపించడానికి వచ్చానని అనుకుంటూ పోయింది!"

మెకానిక్ గడియారాలాయన వైపు చూశాడు. "బండి గురించేనా అండీ?"

"కాదు. నువ్వు పని చూసుకో బాబూ."

ఆమె చెల్లెలికి పదమూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పదకొండు దాటింది, పదకొండున్నర దాటింది. బస్సు ఈపాటికి వంతెన దాటి ఉంటుంది. టైలరమ్మ వాడిపోయిన ఆకులా ఒక పాత టైరు మీద కూలబడింది. అయినా కోపం దిగలేదు. దిగితే దాని కింద ఏముందో ఆమెకు తెలుసు, అందుకే దిగనివ్వలేదు. మొగుణ్ణి తిట్టింది, చట్టాన్ని తిట్టింది, అయిదో తేదీని తిట్టింది.

పన్నెండుకు అయిదు నిమిషాలుండగా ఒక బస్సు బుస కొడుతూ గ్యారేజీలోకి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకోగానే నలభై మంది దిగారు. నలభై మందీ ఎవరినో ఒకరినే శపిస్తున్నారు.

"ఏమైంది?" అన్నాడు మెకానిక్.

"ఏమవుతుంది!" అని డ్రైవర్ నెత్తి కొట్టుకున్నాడు. "పదేళ్ళుగా ఆ వంతెన దాటుతున్నా, ఆ పోలీసు ఏనాడూ కాగితం అడగలేదు. ఇవాళ రోడ్డుకి అడ్డం పడి, ‘ఈ రోజు నుంచి చీమల్ని వదిలి ఏనుగుల్నే పడతా’ అంటాడు! మాకు ఫిట్‌నెస్ పోయి మూడు వారాలైంది. తిన్నగా గ్యారేజీకి పొమ్మన్నాడు, ఊళ్ళో కూడా ఎక్కడా ఆపొద్దన్నాడు. ఎవరో ముసలావిడ వాడికి ఎక్కించిపోయిందట. ఆవిడ నా చేతికి చిక్కాలి!"

"అలాంటివాళ్ళ వల్లే లోకం ఇలా తగలడింది నాయనా," అంది టైలరమ్మ వెంటనే.

గడియారాలాయన నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె ఆయన కాలు తొక్కింది, ఈసారి సమయానికి.

అప్పుడు బస్సులోంచి అందరికంటే చివర, ట్రంకుపెట్టె ఈడ్చుకుంటూ వార్డెను దిగింది. అక్కను చూసి మెట్టు మీదే ఆగిపోయింది.

"నాకు పిడికిలి చూపించడానికి ఇంతదూరం వచ్చావా అక్కా?"

"నీకు కాదే, మీ బావకి! ఆపమంటే ఆపలేదు!"

"బావ ఆపుతానంటుంటే నువ్వే వీపు మీద గుద్ది పోనిస్తున్నావనుకున్నా!"

"అనుకుంటావే, ఎందుకనుకోవు! బట్ట కోసే కత్తెరతో అట్ట కోసే బుద్ధి నీది!"

"ఎనిమిది నెలలు! ఇంకా ఆ కత్తెరేనా? ఆ పెట్టెలో ఏముందో ఒక్కసారైనా అడిగావా?"

"ఏముంది?"

"దీపం! కుట్టేటప్పుడు కళ్ళు లాగుతున్నాయన్నావని నీకోసం కొనుక్కొచ్చిన బల్ల దీపం!"

టైలరమ్మ ఒక్క క్షణం తగ్గింది. ఒక్క క్షణమే. "మరి ఏదీ ఆ దీపం?"

"నేనే వాడుకుంటున్నా. ఇవ్వను!"

రెండు గంటలపాటు సాగింది. కత్తెర నుంచి పెళ్ళిళ్ళకు, పెళ్ళిళ్ళ నుంచి చిన్నప్పుడు పంచుకోని జడరిబ్బనుకు, అక్కడి నుంచి అన్నయ్య దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఇద్దరూ కళ్ళు తుడుచుకుని మళ్ళీ రిబ్బను దగ్గర అందుకున్నారు. ప్రయాణికులు బస్సు సంగతి మరిచిపోయి రెండు జట్లయ్యారు. కండక్టరు వార్డెను వైపు, డ్రైవర్ టైలరమ్మ వైపు. "పెద్దావిడ చెప్పిందాంట్లో న్యాయముంది," అన్నాడు డ్రైవర్, తాను వెతుకుతున్న మనిషి చెయ్యి పట్టుకుని.

రెండున్నరకు బస్సు పాసైంది. వార్డెను ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. టైలరమ్మ తిట్లు ఇంకా సగం కూడా అయిపోలేదు. కానీ ఇప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ఫోను ఎత్తవే," అంది చివరికి.

"నువ్వు చెయ్. ఎత్తుతాను." చెల్లెలు కిటికీలోంచి వంగి, డ్రైవర్‌కు వినబడకుండా మెల్లగా అంది. "ఏనుగులూ చీమలూ అని పోలీసు అనగానే నాకు తెలిసిపోయింది. నాన్నను అమ్మ అలాగే తిట్టేది. ఆ మాట వచ్చే నోరు ఇంకొకటే మిగిలింది. మిగిలిన వాళ్ళంతా తిట్టుకుంటుంటే నేనొక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చా."

బస్సు కదిలింది. అది మలుపు తిరిగేదాకా టైలరమ్మ చెయ్యి ఊపుతూనే ఉంది. ఈసారి పిడికిలి బిగించలేదు.

గడియారాలాయన కాగితం పట్టుకుని వచ్చి తల దించుకుని నిలబడ్డాడు.

"మన బండి ఫెయిలయిందే."

"ఫెయిలా? ఏం పోయింది?"

"హారన్ మోగడం లేదట. అది చచ్చి మూడు నాలుగేళ్ళయినా అయి ఉంటుందంటున్నాడు మెకానిక్. ఇన్నాళ్ళూ ఎలా నడిపారండీ అని ఆశ్చర్యపోతున్నాడు. నాకసలు తెలియనే లేదే."

వెనక సీటులో టైలరమ్మ కూర్చుని ఉండగా, ఆ బండికి హారన్ అవసరం ఎప్పుడూ పడలేదు.